ఉల్లిపొర పిట్టలు

మా ఇంట్లో గాజు పిట్టలు ఊదేది చిన్నది. ఊదినదాన్ని చల్లార్చేది నేను. చిన్నదంటే నా కూతురనుకునేరు, తోడికోడలు. మా మరిది భార్య. ఊదడం గొప్పా, చల్లార్చడం గొప్పా అని మమ్మల్ని అడిగితే ఇద్దరం చెరో మాటా చెబుతాం. కాబట్టి అడక్కండి.

ఒక్క సంగతి మాత్రం చెప్పనివ్వండి. గాజు పిట్టను ఎంత అందంగా ఊదినా, బట్టీలో నిదానంగా చల్లారితేనే అది వస్తువు. లేకపోతే పెంకు. పిట్ట పొట్ట పల్చన, వేలాడదీసే కొక్కెం మందం. పల్చనిది గబగబా చల్లారిపోతానంటుంది, మందంది నన్ను వదిలి పోకంటుంది. ఆ లాగులాటలో మెడ దగ్గర టిక్కుమంటుంది. అందుకే ఊదిన వెంటనే కణకణలాడుతున్న బట్టీలో పెట్టి, కాసేపు ఆ వేడిలోనే ఉంచి, తరవాత కొంచెం కొంచెంగా మంట తగ్గిస్తూ రావాలి. ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది. ‘ఆలస్యం అమృతం విషం’ అన్న మహానుభావుడు గాజు పని చేసుండడు.

మా మామగారు పెట్టిన కట్టుబాటు ఒకటుంది. బట్టీ ఎవరు సర్దితే తలుపు వాళ్ళే తీయాలి. ఈలోపు ఇంకొకరు దాన్ని ముట్టుకోకూడదు. ఆయన పోయాక బట్టీ నా చేతికొచ్చింది. అప్పటినుంచి ఎవరైనా దాని మీద చెయ్యి వేస్తే ఏమవుతుందో ఈ వీధిలో అందరికీ తెలుసు. నా నోరు అలాంటిది.

అలాంటి నా బట్టీలో పిట్టలు పగలడం మొదలైంది. అన్నీ పగిలితే అదో దారి. మా ఆయన ఊదే గాజు గంటలు నిక్షేపంగా ఉండేవి. చిన్నది ఊదిన పిట్టలే మెడలు తెగి పడుండేవి.

“ఒక పక్క మందం, ఒక పక్క పల్చన. అలా ఊదితే పగలక ఏం చేస్తాయి?” అన్నాను.

“నా పిట్టలు సమంగానే ఉన్నాయక్కా. నేనంటే పడంది బట్టీకి!”

“బట్టీకి మనుషుల మీద పగలుంటాయా?”

“బట్టీకి ఉండవులే,” అంది. మిగతాది నన్నే ఊహించుకోమంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

రెండోసారీ పగిలాయి. ఒక పిల్లల బడివాళ్ళు హాల్లో పైకప్పుకు వేలాడదీయడానికి పిట్టల గుంపు అడిగారు. దానికోసం మూడోసారి ఊదుతూ చిన్నది తెగేసి చెప్పింది. “ఇవి కూడా పగిలాయంటే నేను పెద్దవీధి గాజు మేస్త్రీ దగ్గరికి పనికి పోతాను. ఎప్పట్నుంచో పిలుస్తున్నాడు.” మా మరిది నేల చూశాడు. మా ఆయన పైకప్పు చూశాడు. ఈ అన్నదమ్ములకు ఏ కష్టమొచ్చినా చేతనయ్యేది ఆ రెండు చూపులే.

“పోతే పో. కాస్త చెవులు చల్లబడతాయి,” అన్నాను నేను.

అన్నానే గానీ ఆ మాట నాకే బాగాలేదు. అది కాపురానికి రాకముందు మేం గాజు పని చేసే షెడ్డులో మంట చప్పుడు తప్ప ఇంకోటి ఉండేది కాదు. అది వచ్చాక పాటలు, గోల, పోట్లాట. పొద్దున్నే దాని మీద నాలుగు కేకలు వేస్తే గానీ నాకు రోజు మొదలైనట్టుండదు. అది పోతే నాకు పిచ్చెక్కుతుంది. ఆ ముక్క చెప్పడానికి నోరు రావద్దూ! తిట్టడానికైతే తన్నుకుంటూ వస్తుంది.

పిట్టలు సర్ది తలుపు వేశాను. మర్నాడు మంట తగ్గిస్తూ చుట్టూ ఒకసారి చూసుకున్నాను. బట్టీకి ఎడంపక్క లోపలి రంగు చూసుకోవడానికి గుప్పెడంత బెజ్జం ఉంటుంది. దానికి ఇటుక బిరడా. ఆ బిరడా నేను పెట్టినట్టు లేదు, వంకరగా ఉంది. ఓహో! చిన్నదానికి ఆత్రం ఎక్కువ. తన పిట్టలు బతికున్నాయో లేదో చూసుకోవడానికి ఇదే తెరుస్తోందన్నమాట. చల్లారే గాజుకు ఒక్కసారి చలిగాలి కొడితే ఇంకేమైనా ఉందా? ఇవాళ దీన్ని పట్టుకోకపోతే నా పేరు మార్చుకుంటాననుకున్నాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ నడుం వాల్చారు. నేను పిల్లిలా షెడ్డులోకి వెళ్ళి, అట్టపెట్టెల దొంతర వెనక దూరాను. అక్కడ అప్పటికే ఒకరు గొంతుక్కూర్చుని ఉన్నారు.

“నువ్వేంటే ఇక్కడ?”

“నిన్ను పట్టుకుందామని!” అంది చిన్నది. “నా పిట్టల మీద నువ్వేం చేస్తున్నావో చూద్దామని వచ్చాను. నువ్వెందుకొచ్చావు?”

“నిన్ను పట్టుకుందామనే!”

ఇంతలో తలుపు కిర్రుమంది. ఇద్దరం నోళ్ళు మూసుకున్నాం.

వచ్చింది మా అత్తగారు. చేతిలో చిన్న పీట. నెమ్మదిగా వచ్చి బెజ్జం ముందు పీట వేసుకుని, బట్ట మోకాళ్ళ పైకి జరుపుకుని కూర్చున్నారు. చేతిగుడ్డతో బిరడా లాగి పక్కన పెట్టారు. లోపలి వేడి మోకాళ్ళకు తగలగానే కళ్ళు మూసుకుని, “అబ్బ! ప్రాణం లేచొచ్చిందే తల్లీ,” అన్నారు బట్టీతో.

చిన్నదానికి నవ్వు తన్నుకొచ్చింది. గభాల్న దాని నోరు నొక్కాను. నా నోరు నొక్కేవాళ్ళు లేక పళ్ళు బిగించాను. మోకాళ్ళ నొప్పులని ఆవిడ ఎన్నడూ ఒక్క మాట అనలేదు. ఆవిడకు పౌరుషం ఎక్కువ. ఇప్పుడు మేం బయటపడితే జన్మలో మళ్ళీ షెడ్డు గడప తొక్కరు. మామగారితో కలిసి ఆవిడ బతుకంతా గడిచింది అక్కడే. అటు చూస్తే పిట్టలకు గాలి కొడుతోంది. ఏం చేయాలో తోచలేదు.

చిన్నది చటుక్కున వెనక కిటికీలోంచి దూకింది. పెరట్లోంచి, “అత్తయ్యా! మీకోసం ఎవరో వచ్చారు!” అని అరిచింది. అత్తగారు దొంగకు తేలు కుట్టినట్టు కిక్కురుమనకుండా బిరడా దోపి, పీట చంకన పెట్టుకుని బయటికి నడిచారు. బిరడా మళ్ళీ వంకరగానే పెట్టారు.

నేను పరిగెత్తుకెళ్ళి బిరడా సరిచేసి బట్టీకి చెవి ఆనించాను. టిక్కుమన్న చప్పుడు ఇంకా లేదు. చిన్నది ఆయాసపడుతూ వచ్చింది.

“ఎప్పుడూ నావి ఆ బెజ్జం పక్కనే ఎందుకు పెడతావక్కా?”

“మంట నేరుగా తగలంది ఆ పక్కేనే మొద్దూ! నీవి ఉల్లిపొరల్లా ఉంటాయి. ఇంత పల్చగా ఊదగలిగినవాళ్ళు ఈ ఇంట్లో ఇంకెవరున్నారు? మెత్తని చోటు చూసి నీకిస్తే, నేను కావాలని పగలగొడుతున్నానంటావా?”

దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాక్కూడా తిరిగాయి గానీ, బట్టీ వేడికని సర్దుకున్నాను.

“ఇప్పుడేం చేద్దాం?” అంది.

“ఇంకా పగలకపోతే దారుంది. మళ్ళీ మెల్లగా వేడెక్కించి, మొదటినుంచి చల్లార్చాలి. గాలికి గాజు లోపల పడ్డ బిగువంతా ఆ వేడికి సడలిపోతుంది. బడివాళ్ళకు ఒకరోజు ఆలస్యమవుతుంది. మీ బావగారు వెళ్ళి బతిమాలుకుంటారు, ఆయనకు అలవాటే.” తరవాత ఉండబట్టలేక అడిగాను. “తప్పెవరిదో తెలిసిందిగా. ఇంకా ఆ మేస్త్రీ దగ్గరికి పోతావా?”

“గాలి తగలకుండా చల్లార్చినా పగిలితే? అప్పుడు తప్పు నా ఊదుడుదే కదక్కా. అంత చేతకానిదాన్ని ఇక్కడుండి ఏం చేయను, మీ గాజు దండగ చేయడం తప్ప? అక్కడైతే ఇంత పల్చనివి అడగరు.”

 దాని మీద దానికే నమ్మకం లేదని నాకు ఇన్నాళ్ళూ తెలియలేదు. నోరుందిగా అనుకున్నాను.

ఇద్దరం కలిసి మంట పెంచాం. అది గ్యాస్ తిప్పితే నేను వేడి చూపే మీటర్ చూశాను. నేను తిప్పితే అది “నెమ్మది, నెమ్మది” అని నా ప్రాణం తీసింది. ఈలోగా మా మరిదితో బట్టీ వెనక గోడకు ఆనించి ఒక బల్ల వేయించాను.

“అత్తయ్యా, ఇక్కడ కూర్చుని మా ఇద్దరి మీదా కాస్త కన్నేసి ఉంచండి. ఒకళ్ళనొకళ్ళం చంపుకుంటామేమోనని భయంగా ఉంది,” అన్నాను.

“అవునే, మీకొక పెద్దదిక్కుండాలి,” అని ఆవిడ వెచ్చని గోడకు మోకాళ్ళు ఆనించి కూర్చున్నారు. బెజ్జం వంక మళ్ళీ చూడలేదు.

బట్టీ చల్లారేసరికి ఇల్లంతా షెడ్డులో చేరింది. నేను చేతి తొడుగులు విప్పి చిన్నదానికిచ్చాను.

“తలుపు నువ్వు తియ్యి.”

“సర్దింది నువ్వు కదా?”

“తియ్యవే! మళ్ళీ నా మనసు మారుతుంది.”

అది తొడుగులు వేసుకుంది.  తలుపు తీసింది. ఎడంపక్కనుంచి ఒక పిట్టను తీసి, తొడుగు విప్పి మెడ మీద గోటితో కొట్టింది. ఖంగుమంది. బీట ఉంటే బొంగురుగా పలుకుతుంది. ఇంకోటి తీసింది. ఖంగుమంది. అలా ఒక్కొక్కటే మోగుతుంటే మా ఆయన ఊపిరి తీసుకోవడం మానేశాడు. అరలు ఖాళీ అయ్యేదాకా ఒక్క పెంకు లేదు. మా మరిది గట్టిగా ఈల వేశాడు.

“నేను చెప్పలేదూ, ఆ పిల్ల చెయ్యి మంచిదని!” అన్నారు అత్తగారు వెనకనుంచి. మేమిద్దరం మొహాలు చూసుకుని, పొట్ట పట్టుకుని నవ్వాం. ఎందుకు నవ్వుతున్నామో ఎంతడిగినా చెప్పలేదు.

అదే సమయానికి పెద్దవీధి మేస్త్రీ పంపిన మనిషి గుమ్మంలోకొచ్చాడు. “చిన్నమ్మగారు రేపట్నుంచి వస్తున్నారా అని మేస్త్రీ కనుక్కోమన్నాడండీ.”

“రాదు!” అన్నాను.

“నన్నడిగితే నువ్వు చెబుతావేంటక్కా?” అంది చిన్నది, నడుం మీద చేతులు పెట్టుకుని.

అంతే, నాకెక్కడ లేని కోపమొచ్చింది. అది వాడి మీదో, దాని మీదో, నా మీదో తెలియదు. “రాదంటే రాదు! మీ మేస్త్రీకి చెప్పు. ఇది లేకపోతే నాకు తోచదు. దీని గొంతు వినపడకపోతే నాకు ముద్ద దిగదు. దీన్ని ఎవరికీ ఇచ్చేది లేదు. వెళ్ళు!” అని వీధి వీధంతా వినబడేలా అరిచాను.

ఆ మనిషి వెనక్కి చూడకుండా పోయాడు.  చిన్నది నా దగ్గరికొచ్చి, నా మొహంలో మొహం పెట్టింది.

“ఇప్పుడేమన్నావు? ఇంకోసారి అను.”

“చెవుడా నీకు?”

“అనక్కా. వాడితో కాదు, నాతో.”

అన్నాను. ఇంకోసారి అనమంది. మళ్ళీ అన్నాను. అది చాలనేదాకా అన్నాను.