పదిహేను మిల్లీమీటర్ల సాక్ష్యం

నేను ఒక ఉక్కు దిమ్మెను. ఇటుకలో సగం ఉంటాను. లేత్ షాపులో నన్ను అద్దంలా నునుపు చేసి, ఆ వెంటనే పక్కనుంచి సన్నని కన్నం పొడిచారు. ఇంత చక్కగా చేసి ఎందుకు పాడుచేశారో నాకు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. లోహాల లోపల దాగిన పగుళ్లను శబ్దంతో వెతికే యంత్రం ఒకటుంది. అది నిజం చెబుతోందో లేదో నా కన్నంతో సరిచూసుకుంటారు. మచ్చలేని దిమ్మె వాళ్లకు అక్కర్లేదట!

రెండు కర్మాగారాలు తిరిగి, చివరికి యంత్రాల భద్రత చూసే ఇన్‌స్పెక్టర్ సువర్ణ సంచిలోకి చేరాను. ఒక మధ్యాహ్నం ఆమె విజయనగరం ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్ పరీక్షించడానికి వెళ్లింది. ఆ సాయంత్రం నుంచే జనం ఎక్కాలి. దాని యజమాని సన్యాసిరావు, రంగు ఇంకా ఆరని ఇరుసును చూపిస్తూ, "పెళ్లికూతుర్లా నేదేటమ్మా?" అన్నాడు.

సువర్ణ ఇరుసు చివర రంగు గీకి, జెల్ రాసి, యంత్రం తీగ చివరనున్న ప్రోబ్ ఆనించింది. అది పంపే శబ్దం మనిషి చెవికి అందదు. లోహం గుండా అవతలి చివరిదాకా వెళ్లి తిరిగి రావాలి. సగం దారిలోంచే వచ్చేసింది. తెర మీద ఉండకూడని చోట గీత లేచింది.

"లోపల చీలిక ఉందండీ. ఇవాళ వీల్ తిప్పొద్దు."

"పన్నెండేళ్లుగా తిరుగుతంది! నీ మిషనే తేడాగా ఉందేమో సూడు."

ఆమె నన్ను తీసి అతని చేతిలో పెట్టింది. "ఈ కన్నం పైనుంచి ఎంత లోతులో ఉందో మీరే కొలవండి."

టేపు పెట్టాడు. పదిహేను మిల్లీమీటర్లు. నా మీద ప్రోబ్ ఆనిస్తే తెర మీదా పదిహేనే. నన్ను తిరగేయమన్నాడు. తెర ముప్పై అయిదు చూపింది. టేపూ అదే చెప్పింది. మనుషులు తమ చేత్తో కొలిస్తేగాని నమ్మరు. సన్యాసిరావు నన్ను చేతిలోనే ఉంచుకుని ఇరుసు వైపు చూశాడు. తర్వాత వెళ్లి టికెట్ల గది మూసి వచ్చాడు.

మర్నాడు ఇరుసు దింపి బేరింగ్ ఊడదీస్తే, దాని కింద వెంట్రుకంత గీత కనిపించింది. అక్కడ కోసి చూశారు. చీలిక సగం మందం దాకా పాకింది. సన్యాసిరావు దాని వెంట వేలు పోనిచ్చి, "దీని మీదేనా ఇంతమందిని తిప్పినాను!" అన్నాడు.

మరుసటి ఏడు అతనే ఫోన్ చేసి సువర్ణను పిలిచాడు. కొత్త ఇరుసు. ప్రోబ్ తానే పట్టుకుంటానన్నాడు. తెర మీద అవతలి చివర గీత తప్ప మరేమీ లేవలేదు.

"ఏటీ నేదా?"

"ఏమీ లేదండీ. తిప్పుకోవచ్చు."

సన్యాసిరావు ప్రోబ్ తీయలేదు.

"ఇంకోపాలి సూడమ్మా."