గంగయ్య పాటకు చరణాలు

గంగయ్య పోయిన రోజు నేను రెండు పూటలా కడుపునిండా తిన్నాను. మా ఆవిడ కనకవ్వ ఆ సంగతి ఇప్పటికీ మరచిపోలేదు. "నీది గుండెనా, రాయా?" అంది ఆనాడు, నా కంచంలో మారు అన్నం వేస్తూనే. నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు. అంతకు వారం ముందే సాంబయ్య పోయాడు. అప్పుడు కూడా నా కంట నీరు రాలేదు. కాటి నుంచి వచ్చి, స్నానం చేసి, మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుని నేశాను. ఒక్క పోగు తెగలేదు. గుడ్డ ఎప్పటికంటే బాగానే దిగింది.

ఆ వానాకాలం మా ఊళ్ళో గత్తర, అదే కలరా, వచ్చింది. సూదులు వేసేవాళ్ళు కరీంనగర్ నుంచి జీపులో వచ్చేసరికి, మా సాలెవాడలో పోవలసినవాళ్ళు పోయారు. బావుల్లో తెల్లపొడి చల్లారు. చాలా రోజులు నీళ్ళు, అన్నం, చివరికి చాయ్ కూడా ఆ వాసనే కొట్టాయి. ఆ కాలం తలచుకుంటే నాకు మనుషులకంటే ముందు ఆ వాసనే గుర్తుకొస్తుంది. ఏం మనిషినో నేను.

మార్కండేయ గుడి భజనకు మేం నలుగురం మూలం. గంగయ్య పాడేవాడు. సాంబయ్యది మద్దెల. కొమురెల్లిది హార్మోనియం. నేను తాళాలు వేసేవాణ్ణి. మిగతావాళ్ళంతా వంతపాటకు. శనివారం పొద్దు గుంకగానే మగ్గాలు దిగి గుడిలో చేరేవాళ్ళం. కొమురెల్లికి హార్మోనియం కంటే నోరు ఎక్కువ మోగేది. సాంబయ్య మద్దెలకు పిండిముద్ద అద్దుకుంటూ అతన్ని ఉడికించేవాడు. గంగయ్య మాత్రం ఒక మూలన కూర్చుని తన వంతు కోసం చూసేవాడు. ఆయన మూడు మాటలు కలిపి మాట్లాడితే ఆ రోజు వాన కురుస్తుందని బాలలక్ష్మి వదినె నవ్వేది. ఆమె గంగయ్య భార్య. ఇంట్లో ఆయన గొంతు విన్నవాళ్ళే తక్కువ. పాట గుడిలోనే పాడాలని ఆయన పట్టుదల.

గొంతు కూడా చిన్నదే. ఒకసారి ఖానాపూర్‌లో సప్తాకు పిలిస్తే పోయాం. ఏడు రోజులు ఎడతెరిపి లేకుండా భజన చేయడం ఆ వైపు అలవాటు. గంగయ్య ఎత్తుకోగానే వెనక నుంచి ఎవరో "జర గట్టిగ పాడు పెద్దమనిషీ!" అని కేకేశారు. ఆయన గట్టిగా పాడలేదు. కాసేపటికి జనమే లేచి ముందుకు జరిగి, ఆయన మోకాళ్ళకు తగిలేటంత దగ్గరగా కూర్చున్నారు. తిరుగు దారిలో సాంబయ్య దానిమీదే నవ్వాడు. "గంగన్న గొంతు పెంచడు, ఊరునే దగ్గరికి గుంజుకుంటడు" అని ఊరు చేరేదాకా అంటూనే ఉన్నాడు.

మా భజనలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరి పాట వాళ్ళదే. గంగయ్యది "పోగు తెగెనయ్యా స్వామీ, పొద్దింక ఉన్నది" అనే పాట. పల్లవి అందరం అందుకుంటాం. చరణాలు మాత్రం ఆయనవి. ఇంకొకరు వాటిని నోట పెట్టుకోరు, మగ్గం మీద కూర్చుని కూనిరాగం తీసేటప్పుడు కూడా. పెట్టుకుంటే పక్కవాడి కంచంలో చెయ్యి పెట్టినట్టే. మనిషి పోతే, పదోనాడు అతని ఇంటి ముందు కూర్చుని ఆ పాటను మరొకరు మొత్తం పాడాలి. పాడినవాడిదవుతుంది ఆ పాట. పెద్దవాళ్ళు మంచం పట్టగానే కొడుకునో మేనల్లుణ్ణో పిలిచి చరణాలు అప్పగించి పోయేవారు. అందుకే ఎన్నడూ ఇబ్బంది రాలేదు. గత్తరలో అప్పగింతలకు వ్యవధి ఎక్కడిది? పొద్దున మగ్గం మీదున్న మనిషి మర్నాటికి లేడు. గంగయ్యకు పిల్లలు లేరు. చదువూ రాదు.

దినాల మధ్యలో ఒకరోజు బాలలక్ష్మి వదినె నన్ను పిలిపించింది. బోసి చేతులు ఒళ్ళో పెట్టుకుని గడపలో కూర్చుని ఉంది.

"పదోనాడు మీ అన్న పాట మంచిగ పాడుండ్రి రాజం," అంది. "దినాలైనంక మా తమ్ముడు నన్ను నస్పూరుకు తోల్కపోతడట. వాడు బొగ్గుబాయిల పనిచేస్తడు కద. ఆడ గీ భజనలుంటయో లేవో. గా ఒక్క పాట ఇని పోత."

"గట్లనే వదినె. నువ్వు ఫికర్ చెయ్యకు," అన్నాను.

ఇంటికొచ్చి మగ్గంలో కూర్చున్నాక చరణాలు తలచుకోబోయాను. పల్లవి వచ్చింది. ఆ తర్వాత గంగయ్య అరచెయ్యి చెవి దగ్గరికి పోవడం కనబడింది. రెండో చరణంలో ఆయన గొంతు కాస్త జీరపోయే చోటు వినబడింది. మాటలు మాత్రం లేవు. నాకు చరణమంటే తాళం దెబ్బలే. అన్నేళ్ళు ఆయన పక్కనే కూర్చుని, దెబ్బ తప్పకుండా చూసుకున్నాను కానీ ఆయన ఏమంటున్నాడో వినలేదు. విన్నానేమో, ఉంచుకోలేదు. మనది కానిదాన్ని ఉంచుకోవడమెందుకు అనుకునే జాతి మాది.

కొమురెల్లి దగ్గరికి పోయాను. "నాకు రాగం మొత్తం ఎరుకే," అన్నాడు. "మాటలంటవా... కుంచె అని ఒకటొస్తది. ఏ చరణంలనో అడుగకు."

ఇద్దరం కలిసి వాడంతా తిరిగాం. ప్రతి ఇంట్లో పల్లవి దొరికింది. శ్రుతి తప్పకుండా, కళ్ళు మూసుకుని మరీ పాడారు. చరణం అడిగితే మాత్రం కళ్ళు తెరిచారు. వంతపాట పాడే లచ్చయ్యకైతే కోపమే వచ్చింది. "గంగయ్య పాట నాకెట్లొస్తది? నన్ను దొంగననుకున్నర్రా?" అని తలుపేసుకున్నాడు. మా మర్యాద మా కొంప ముంచిందని అప్పుడు అర్థమైంది. అర్థమైంది అంతే. బాధ కలగలేదు. ఎవరి ఇంటి సంగతో చూస్తున్నట్టుంది.

"నేనే నాలుగు ముక్కలు కడ్త తియ్," అన్నాడు కొమురెల్లి దారిలో. "శివశంకరా అంటే ఏ పాటకైనా అతుకుతది. వదినెకేం ఎరుక? ఆమె ఎన్నడన్న భజనల కూసున్నదా?"

అది నిజమే. ఆ వేళకు ఆడవాళ్ళంతా మర్నాటి నేతకు నూలు కండెలు చుడుతుంటారు. పైగా గుడి వాడకు ఈ కొసన, గంగయ్య ఇల్లు ఆ కొసన. అతను చెప్పింది నాకు తప్పనిపించలేదు, ఒప్పనిపించలేదు. అసలేమీ అనిపించలేదు. సరే అన్నాను.

పదోనాడు సాయంత్రం గంగయ్య ఇంటి ముందు చాపలు పరిచారు. సాంబయ్య మద్దెలను కూడా తెచ్చి, అతను కూర్చునే చోట గోడకు ఆనించారు. దాన్ని వాయించేవాళ్ళు లేరు. వదినె గడప లోపల, తలుపు చెక్కకు ఆనుకుని కూర్చుంది. పక్కన ఆమె తమ్ముడు మూటలు కట్టి సిద్ధంగా పెట్టాడు.

హార్మోనియం ఎత్తుకుంది. అందరం పల్లవి అందుకున్నాం.

"పోగు తెగెనయ్యా స్వామీ... పొద్దింక ఉన్నది..."

రెండుసార్లు పాడి ఆపాం. ఇక చరణం. కొమురెల్లి గొంతు సవరించుకున్నాడు. నోరు తెరిచాడు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. అతని వేళ్ళు మెట్ల మీద ఆగిపోయాయి. వంతపాటవాళ్ళంతా అలవాటు ప్రకారం తలలు వంచుకుని గంగయ్య కోసం ఆగారు. నేనూ ఆగాను. నా చేతులు మాత్రం ఆగలేదు. చరణం నడుస్తున్నప్పుడు తాళం ఆపడం నాకు చేతకాదు.

ఖాళీలో తాళం ఒక్కటే సాగింది. తలెత్తి చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. చరణం ఎంతసేపుండేదో అంతసేపూ వేశాను. అది ముగిసే చోట, ఎవరూ సైగ చేయకుండానే, ఇంతమందిమీ ఒక్కసారే పల్లవిలోకి వచ్చి పడ్డాం. రెండో చరణమూ అట్లాగే. ఆయన గొంతు జీరపోయే చోట నేను దెబ్బ మెల్లగా వేశాను, ఎప్పుడూ వేసినట్టే. మూడోదీ అంతే. పాట అయిపోయింది. ఎవరూ దాన్ని పాడలేదు కనుక, ఇక అది ఎవరిదీ కాదు.

కొమురెల్లి తువ్వాలతో మొహం కప్పుకున్నాడు. చెప్పవలసింది నేనే అయింది. లేచి గడప దగ్గరికి పోయాను.

"వదినె, తప్పయింది. చరణాలు మాకెవ్వలికి రావు. అన్న ఉన్నప్పుడు మేం నేర్వలే."

ఆమె నావైపు వింతగా చూసింది. కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఏం తప్పు రాజం? నేను ఇన్న పాట గిదే," అంది. "మీరందరు కలిసి పాడేది మా ఇంటిదాక ఇనవడేది. నీ తాళం ఇనవడేది. ఆయన గొంతొక్కటి రాకపోతుండె. కండెలు చుట్టుకుంట, నడుమల గింత సేపు తాళమొక్కటే ఇనవస్తే, ఇప్పుడు మా ఆయన పాడుతుండు అనుకునేదాన్ని."

ఆమె చాపల వైపు, గంగయ్య కూర్చునే చోటు వైపు చూసింది. అక్కడ ఎవరూ కూర్చోలేదు.

"ఇయ్యాల గూడ గట్లనే అనుకున్న," అంది.

ఆమె తమ్ముడు మూటలు ఎత్తుకున్నాడు. కొమురెల్లి, లచ్చయ్య బస్సు దాకా సాగనంపడానికి లేచారు. నేను లేవలేకపోయాను. ఆ చాప మీద, గోడకు ఆనించిన మద్దెల పక్కన కూర్చుని ఏడ్చాను. సాంబయ్య కోసం, గంగయ్య కోసం, నేను వినని ఆ మూడు చరణాల కోసం, అంతమంది ముందు సిగ్గు లేకుండా ఏడ్చాను.

ఇంటికి పోయాక కనకవ్వ కంచం పెట్టింది. ఆ పూట నాకు అన్నం దిగలేదు.