పుట్టుమచ్చ ఏ వైపు

...కింది పూత ఆరందే పైరంగు ముట్టుకోకండి బాబాయ్ గారూ అని బొమ్మల క్లాసు టీచరమ్మ రోజూ మొత్తుకుంటుంది, సరేనమ్మా అంటాడు గానీ చెయ్యి ఊరుకోదు, ఉద్యోగమంతా బస్సు తోలిన చెయ్యి, ఎర్రదీపం దగ్గర బుద్ధిగా ఆగిన చెయ్యే, అయినా చనిపోయిన పెళ్ళాం ముఖం మట్టిరంగు పూతలోంచి అలా తొంగిచూస్తుంటే ఎవడాగుతాడు, ఫొటో తెచ్చుకోండి అంటే వద్దన్నాడు, ఫొటోలో ఆవిడ ఊపిరి బిగబట్టుకుని నిలబడుతుంది, ఆ ముఖం తనకి కంఠతా వచ్చు, తన బస్సుకి ఆవిడే కండక్టరు, టికెట్ టికెట్ అంటూ జనాన్ని తోసుకుంటూ వస్తుంటే తను పైనున్న అద్దంలోకి చూసేవాడు, సరిగ్గా అప్పుడే ఆవిడా చూసేది, ముందు రోడ్డు చూడవయ్యా మహానుభావా అని కళ్ళతోనే కసిరేది, ఆ కసురు కోసమే మళ్ళీ చూసేవాడు, రంగుల్లో కలిపే ఈ అవిసె నూనె వాసనలో కూర్చుని ఇప్పుడూ ఆ కసురే కావాలనిపిస్తోంది, ఒక్కసారి కసిరితే చాలు.

నాన్నా, అమ్మ పుట్టుమచ్చ ఆ బుగ్గ మీద కాదు, ఇటు, అంది క్యారియర్ తెచ్చిన కూతురు, పోవే, నా పెళ్ళాం సంగతి నాకే చెప్పొచ్చావా అన్నాడు, పోట్లాటెందుకు, అద్దం పట్టి చూడండి అంది టీచరమ్మ నవ్వుతూ, ఇక్కడ అందరూ చేసేదే అది, బొమ్మకి వీపు పెట్టి చేతి అద్దంలో చూస్తే అలవాటుపడ్డ కంటికి దొరకని తప్పు దొరుకుతుందట, తిరిగాడు, అద్దం ఎత్తాడు, అందులో మచ్చ రెండో బుగ్గకి మారింది, ఇదిగో, ఇదీ అమ్మ, అని భుజం మీదుగా చూస్తూ కూతురు అరిచింది, తనకి మాత్రం ఎవరో కొత్తావిడ, లోకమంతా ఎరిగిన మనిషి, తను పోల్చుకోలేని మనిషి, అంటే ఇన్నాళ్ళూ కంఠతా పట్టింది బస్సు అద్దంలో ముఖాన్నా, మరి ఇంట్లో ఏం చూశాడు, కంచంలోకి చూస్తూ తిన్నాడు, తిని అటు తిరిగి పడుకున్నాడు, ఎదురుగా కూర్చోబెట్టుకుని తనివితీరా ఒక్క పూటైనా చూసుకోలేదే.

తడిగానే ఉంది, తుడిచేస్తే పోతుంది బాబాయ్ గారూ, అని టీచరమ్మ గుడ్డ అందించింది, కింది పూత ఆరకముందే మచ్చ పెట్టినందుకు తిట్టలేదు కూడా, గుడ్డ బుగ్గ దాకా వెళ్ళింది, తుడిచి అటు పెడితే అందరూ ఎరిగిన ఆవిడ అవుతుంది, కూతురు సంతోషిస్తుంది, మరి ఆ గుంపులోంచి తలెత్తి తన కోసమే చూసిన ఆవిడో, ఆవిణ్ణి ఎక్కడ వెతుక్కోవాలి, చెయ్యి ఈసారి తనంతట తనే ఆగింది, ఉండనీవమ్మా, అన్నాడు, ఆవిడ నన్ను చూసినప్పుడు అది ఈ వైపే ఉండేది.