గడియ లేని గది

గడియ పడిన చప్పుడు వింటే మా చెల్లి నోరు మూతపడుతుంది. మా మరిది రెండేళ్లపాటు రోజూ పెళ్లాన్ని ఇంట్లో ఉంచి బయట గడియ పెట్టి ఆఫీసుకు వెళ్లాడు మరి.

ఈ ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలోనేమో గడియ పెడితేగానీ డాక్టరుగారు నోరు విప్పరు. రోగి గోప్యత కోసమట. రెండుసార్లు వచ్చాం. రెండుసార్లూ చెల్లి గోడ చూస్తూ కూర్చుంది. ఫైల్లో ‘సహకరించడం లేదు’ అని రాశారు. మూడోసారీ అదే రాస్తే లోపలి వార్డులో పెట్టాలని రూలు. ఇది మూడోసారి.

గడియ వద్దని పోయిన నెలే అర్జీ ఇచ్చాను, రెండు పేజీలు. ఇవాళ చూస్తే అది నాలుగు మడతలై డాక్టరుగారి బల్ల కాలి కింద ఉంది. పోనీలే, ఒక పనికైనా వచ్చింది.

ఆయన ఇంకా రాలేదు. కుట్టుమిషన్ స్క్రూడ్రైవర్ నా సంచిలో ఉంది.

“ఏం చేస్తున్నావక్కా?”

“రిపేరు.”

“బావకి తెలిస్తే నిన్నూ ఇక్కడే చేర్పిస్తాడు.”

“చేర్పించనీ. వంట తప్పుతుంది.”

చెల్లి నవ్వింది. ఎన్నాళ్లకో.

గడియా, నాలుగు మరలూ సంచిలో వేసుకున్నాను. డాక్టరుగారు వచ్చి కూర్చున్నారు. ఫ్యాను గాలికి తలుపు బార్లా తెరుచుకుంది. వరండా వైపు చూస్తూ చెల్లి తనంతట తానే మొదలుపెట్టింది.

“తాళం కాదండీ, వట్టి గడియే. ఎవరైనా తీయొచ్చు. పాలాయన, పక్కింటావిడ... ఎవరూ...”

“ఒక్క నిమిషం ఆగమ్మా, ముందు తలుపు. గడియేమైంది?”

“లేకపోతేనే మాట్లాడుతుందండీ. నేను బయట నిలబడి ఎవర్నీ రానివ్వను.”

“ఒక్కరి కోసం పద్ధతి మార్చలేమమ్మా.”

అటెండరును పిలిచి, తలుపు బయట్నుంచి లాగి పట్టుకోమన్నారు. తలుపు కింది సందులోంచి అతని చెప్పులు కనబడుతున్నాయి. చెల్లి వాటినే చూసింది. తర్వాత గోడను.

డాక్టరుగారు పాపం పది నిమిషాలు ఓపిగ్గా చూశారు. తర్వాత రాశారు.

“ఇందాక మాట్లాడిందిగా డాక్టరుగారూ.”

“సెషన్ మొదలయ్యాక మాట్లాడలేదుగా.”

వార్డుది ఇనుప తలుపు. గడియ బయటివైపు, మరలు కాదు, వెల్డింగు.

“చప్పుడు కాకుండా వెయ్యి నాయనా,” అన్నాను అటెండరుతో.

మంచివాడే. మెల్లగా, చాలా మెల్లగా జరిపాడు. దాంతో ఆ చప్పుడు చాలాసేపు వినబడింది.