బట్టమేక పిట్ట కోసం పరుగు

నర్సింగమ్మ పరుగు పందెంలో దిగింది జీవితంలో ఒక్కసారే, 1987 డిసెంబరులో. అప్పటికి ఆమెకు నలభై దాటాయి.

మహబూబ్‌నగర్ కాలేజీలో పాఠాలు చెప్పే మంజులత రెండేళ్లుగా ప్రతి ఆదివారం బస్సెక్కి ఆ ఊరి గడ్డిబీడుకు వచ్చేది. బట్టమేక పిట్టల కోసం. మనిషి నడుము ఎత్తుండే ఆ పిట్టలు బీడులో అయిదే మిగిలాయి. అవి పొద్దున ఏ మిట్ట మీద నిలబడతాయో, నేల మీద ఎక్కడ ఒంటి గుడ్డు పెడతాయో గొర్రెలు కాసే నర్సింగమ్మకే తెలుసు. గుడ్డు కనబడితే మందను అటు పోనిచ్చేది కాదు. తెలిసినదంతా మంజులతకు చూపించింది. ఆమెను చెల్లె అని పిలిచేది. తన సద్దిలో జొన్నరొట్టె సగం పెట్టేది.

పిట్టను కాపాడమని సర్కారును అడగడానికి మహబూబ్‌నగర్ నుంచి ఊరి దాకా ఏడు కిలోమీటర్ల పరుగు పెడుతున్నామని మంజులత చెప్పింది.

"నువ్వు గూడ ఉరకాలె అక్కా."

"నేనా? జనం నవ్వుతరు."

"నవ్వనీ."

ఒక అర్జీ కూడా తెచ్చింది.

"ఏం రాసిన్రు గిండ్ల?"

"పిట్టను బతికించమని."

"మరి నా గొర్లు?"

"నీ గొర్లకేం ఫికర్ లేదక్కా."

నర్సింగమ్మ అందరికంటే ముందు వేలిముద్ర వేసింది.

పందెం రోజు చీర ఎగదోపి, చెప్పుల్లేకుండా పరుగెత్తింది. కాలేజీ పిల్లలు దాటిపోయారు. చివరన ఒక్కతే ఊళ్లోకి వచ్చింది. ఈలలు వేసిన వాళ్లే చప్పట్లు కొట్టారు. ఊపిరి అందకపోయినా ఆమెకు నవ్వొచ్చింది.

వేదిక మీద ఒక అధికారి అర్జీ చదివాడు. "మందల తొక్కిడికి గుడ్లు చితికిపోతున్నాయి. బీడు చుట్టూ కంచె వేసి గొర్రెలను, మేకలను నిషేధించాలి. మొదటి వేలిముద్ర ఈ ఊరి నర్సింగమ్మదే."

ఊరి గొల్లలంతా ఆమె వైపు తిరిగారు. మరిది సాయిలు తువ్వాల దులుపుకుని లేచి వెళ్లిపోయాడు.

ఆమె మంజులత దగ్గరికి పోయింది. "నా మంద ఒక్క గుడ్డన్న తొక్కంగ సూసినవా చెల్లె?"

"లేదు."

"మరెందుకు గట్ల రాసినవ్?"

"కంచె లేకుంటే పిట్ట దక్కదక్కా. ముందే చెప్తే నువ్వు ఏలిముద్ర ఎయ్యకపోదువు."

నర్సింగమ్మ రొమ్ము మీద కట్టిన నంబరు గుడ్డ విప్పి అక్కడే పడేసి ఇంటికి నడిచింది.

ఎండాకాలం రాకముందే కంచె పడింది. ఆమె సగం మందను అమ్ముకుని, మిగిలినవాటిని నాలుగు మైళ్ల అవతలి బీడుకు తోలుకుపోయేది. సాయిలు ఏడాది పాటు ఆమె గడప తొక్కలేదు.

మేసే నోరు లేక కంచె లోపల గడ్డి ఏపుగా పెరిగింది. రెండు వానాకాలాలు గడిచేసరికి, ఎత్తు గడ్డిలో చుట్టూ చూపు ఆనక పిట్టలు అటు దిగడం మానేశాయి. మంజులత వెతుక్కుంటూ నర్సింగమ్మ ఇంటికి వచ్చింది.

"అక్కా, పిట్టలు ఎటు పోయినయి? నీకు యాడన్న కనబడ్డయా?"

మొన్ననే రెండింటిని అవతలి బీడులో, తన మంద వెనకాలే మిడతలు ఏరుకుంటుండగా నర్సింగమ్మ చూసింది.

"నాకెరుక లేదు," అంది.

మంజులత గుమ్మంలో చాలాసేపు నిలబడింది. నర్సింగమ్మ ఆమెను కూర్చోమనలేదు. బస్సు వెళ్లిపోయిన చప్పుడు విన్నాకే మందను బయటికి తోలింది.