పేజీ కింది ఖాళీ

‘బొమ్మ ముచ్చట’ పత్రిక కట్టలు విప్పకుండానే వెనక్కి వచ్చేశాయి. ఎల్లారెడ్డి బస్సు కండక్టరు వాటిని కామారెడ్డి బస్టాండులో దించి, “మీ పుస్తకం ఎవ్వలు దీస్కుంటలేరంట” అని ఒక్క మాట పడేసి పోయాడు. రమ్య ఆ కట్టలను ప్రెస్సు దాకా మోసుకొచ్చి బల్ల మీద పెట్టింది గానీ, ఖుద్దూస్ చాచా ముఖంలోకి చూడలేకపోయింది. ఎలా చూస్తుంది? పత్రికకు ఆ కొత్త రూపం ఇచ్చింది తనే మరి!

ఖుద్దూస్‌కు అరవై దాటాయి. పెళ్లి పత్రికలు అచ్చువేసే ప్రెస్సు ఆయనది. దాంతోపాటు నెలకొకసారి ఈ సినిమా పత్రిక తెస్తాడు. ఇరవై నాలుగు పేజీలు, అంతా నలుపూ తెలుపే. అందులో తారల కబుర్లుండవు, రంగుల బొమ్మలుండవు. ఒక్కో సినిమా కథ మొదటి సీను నుంచి శుభం కార్డు దాకా, ముఖ్యమైన మాటలతో సహా కుదించి రాసి ఉంటుంది. ఈ ఫోన్ల కాలంలో ఇలాంటివి ఎవరు చదువుతారండీ? రమ్య కూడా సరిగ్గా అలాగే అనుకుంది.

హైదరాబాదులో డిజైన్ కోర్సు చేసి వచ్చిన పిల్ల. ప్రెస్సులో చేరగానే పాత సంచికలన్నీ ముందేసుకుని, వాటి తీరు మీద ఎనిమిది పేజీల రిపోర్టు రాసింది. అక్షరాలు ఒకటో తరగతి వాచకంలో లాగా మరీ లావుగా ఉన్నాయంది. ప్రతి కథనూ ఎదురెదురు రెండు పేజీల్లోనే ఎందుకు ముగించాలంది. అన్నిటికన్నా ప్రతి పేజీ కిందా నాలుగు వేళ్ల మేర వదిలేసిన ఖాళీ ఆమెకు అస్సలు మింగుడు పడలేదు. పాఠకులెవరు అన్న చోట “పద్దెనిమిది నుంచి పాతికేళ్ల కుర్రవాళ్లు” అని రాసింది. ఒక్కరినైనా అడిగి రాసిందా అంటే, లేదు. సినిమా అంటే కుర్రవాళ్లే కదా అనుకుంది, అంతే.

“చాచా, గీ కింద జాగంత ఉత్తగ పోతుంది. ప్రకటనలన్న ఏద్దాం” అంది అప్పుడు.

“ఉండనీ బేటీ. గట్లనే ఉండాలె.”

“ఎందుకుండాలె?”

 ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు. రమ్య దాన్ని ముసలాయన మొండితనమే అనుకుంది. నెల రోజులు వెంటబడి సతాయించింది. చివరికి ఆయన, “సదువుకున్నదానివి, నీ ఇష్టం” అన్నాడు. అక్షరాలు సన్నబడ్డాయి, రంగు బొమ్మలు వచ్చాయి, కథలు పేజీలు దాటి సాగాయి. కింది ఖాళీలోకి సెల్‌ఫోన్ దుకాణం ప్రకటన వచ్చి కూర్చుంది. మొదటి నెల అలవాటు కొద్దీ కొన్నారు. రెండో నెల ఇదిగో, ఈ కట్టలు!

ఖుద్దూస్ ఒక కాపీ తీసి తిరగేసి మళ్లీ కట్టలోనే పెట్టాడు.

“ఇగ బంద్ జేద్దాం బేటీ” అన్నాడు.

ఆ గొంతులో కోపం లేదు. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది రమ్యకు. ముప్పై ఏళ్లుగా ఒక్క నెల తప్పకుండా వచ్చిన పత్రిక తన తెలివి వల్ల ఆగిపోతోంది. 

“ఒక్క వారం ఆగుండ్రి చాచా. ఎల్లారెడ్డి పోయి, సదివేటోళ్లు ఎవరో సూసొస్త.”

 ఆయన చీటీ మీద ‘యాదవ్వ’ అన్న పేరు, వాడకట్టు గుర్తు రాసి ఇచ్చాడు.

మర్నాడు మధ్యాహ్నానికి రమ్య యాదవ్వ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. ముందటి రేకుల పందిరి కింద తొమ్మిది మంది ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చేస్తున్నారు. తడి తునికాకు వాసన, తంబాకు ఘాటు. చేతులు ఆడుతున్నాయి గానీ ఎవరి నోటా మాట లేదు. ఒక ముసలావిడ మాత్రం అందరికీ వీపు పెట్టి, గోడవైపు తిరిగి చేస్తోంది. ఆమే యాదవ్వ.

‘బొమ్మ ముచ్చట’ నుంచి వచ్చానని రమ్య అన్నదో లేదో, భూమక్క అనే ఆవిడ గయ్యిమంది. “అయ్యో తల్లీ, నువ్వేనా! మంచిగున్న పుస్తకాన్ని ఖరాబ్ జేసి పెడ్తివి గదనే! యాదవ్వ సదివేది, మేం ఇనుకుంట చేసేది. నాగిరెడ్డిపేటల మా అక్కోళ్ల కాడ గూడ గంతే. ఫోన్ల సూడుమంటరు, సూసుకుంట కూసుంటె చేతులాగయా?”

“మరిప్పుడు?” అంది రమ్య.

“ఇప్పుడేముంది? పోయిన నెల యాదవ్వ పుస్తకం దెర్సింది. అక్షరం కండ్లకు ఆనలే. మాకు జెప్పుకోలేక, బొమ్మలు సూసుకుంట కథ అల్లి సదివినట్టు జేసింది. గీ మంగవ్వ మనుమరాలు గా సినిమా సూసిందంట. అవ్వ అబద్ధం సదువుతుందని పక్కున నవ్వింది. గా దినం సంది నోరు దెరుస్తలేదు.”

రమ్యకు తల కొట్టేసినట్టయింది. భూమక్కను అడిగి ఒక పాత సంచిక తెప్పించి, యాదవ్వ పక్కన కింద కూర్చుంది.

“అవ్వా, ఒక్కపారి సదువే.”

“నాకు సదువు రాదు బిడ్డ. రాదని అందరికి తెల్సిపాయె” అంది యాదవ్వ, తల తిప్పకుండానే.

రమ్య లేచి నిలబడి అందరికీ వినబడేలా చెప్పింది. “అవ్వకు సదువు వస్తది. అక్షరాలు సన్నగ జేసింది నేను. తప్పు నాది. ఎవరన్న నవ్వేదుంటె నన్ను జూసి నవ్వుండ్రి.”

ఎవరూ నవ్వలేదు. కాసేపటికి యాదవ్వ చాటతో సహా ఇటు తిరిగింది. పుస్తకాన్ని తెరిచి నేల మీద పెట్టుకుంది. ఫ్యాను గాలికి పేజీలు లేవకుండా, ఆకు కత్తిరించే కత్తెరను వాటి మీద అడ్డంగా పెట్టింది. కత్తెర సరిగ్గా కింది ఖాళీలో పడుకుంది. ఒక్క అక్షరం కూడా దాని కింద పడలేదు.

యాదవ్వ చదవడం మొదలుపెట్టింది. చేతులు ఆకు చుడుతూనే ఉన్నాయి. చూపు ఆకు మీదికీ నేల మీది లావు అక్షరాల మీదికీ పోయి వస్తోంది. కథ ముగిసేదాకా పేజీ ముట్టుకునే పనే పడలేదు. చివర్లో తల్లీకొడుకులు కలుసుకునే చోట భూమక్క కొంగుతో కళ్లు ఒత్తుకుంది. చదవడం ఆగగానే ఒక్కొక్కరూ తమ చాటలోంచి ఒక్కో బీడీల కట్ట తీసి యాదవ్వ చాటలో వేశారు.

“సదివేటామెకు పని ఎనుకవడ్తది గద” అంది భూమక్క. “తాహేరక్క పెట్టిన పద్ధతి. ఖుద్దూస్ సాబు పెండ్లాము. గప్పుడు వాళ్లు ఈడనే ఉండేది. మా తోటే బీడీలు జేసేది, ఆమెనే సదివేది. యాదవ్వకు అక్షరాలు నేర్పింది గూడ గీ పుస్తకం మీదనే. ఆమె పోయి పదమూడేండ్లాయె.”

 రమ్య ఆ కత్తెర వంకే చూస్తూ ఉండిపోయింది. బస్సులో కామారెడ్డి చేరేదాకా ఏడుస్తూనే ఉంది. పక్క సీటావిడ, ఏమైంది బిడ్డా అని అడిగినా చెప్పలేకపోయింది.

ప్రెస్సుకు రాగానే రిపోర్టు తీసి, పాఠకులెవరు అన్న చోట రాసింది కొట్టేసింది. దాని కింద ఇలా రాసి ఖుద్దూస్ ముందు పెట్టింది: “ఒకరు చదువుతారు, ఎనిమిది మంది వింటారు. చదివే మనిషికి చేతులు ఖాళీ ఉండవు.”

ఆయన అది రెండుసార్లు చదివాడు.

“ఎందుకు జెప్పలేదు చాచా?”

“చెప్పాల్నంటె తాహేరా పేరు దియ్యాలె గద బేటీ. ఆమె పోయినంక ఇయ్యాలనే తీస్తున్న” అన్నాడు ఖుద్దూస్. అని, పసిపిల్లాడిలా బావురుమన్నాడు. రమ్య ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుంది.

కాసేపటికి ఆయనే లేచాడు. సొరుగు అడుగు నుంచి తుప్పు పట్టిన ఆకు కత్తెర ఒకటి తీసి ఆమె బల్ల మీద పెట్టాడు.

“కొలత మల్ల దీస్కో” అన్నాడు.

రమ్య ఒక తెల్ల కాగితం పరిచి, కత్తెరను కింద అడ్డంగా పెట్టి, దాని పై అంచు వెంట పెన్సిలుతో గీత గీసింది.