మిడత డిక్కీలో పదకొండేళ్ళు

నేను ఒక స్టెప్నీని. అంటే కారుకి ఐదో టైరుని. మిగతా నాలుగింట్లో ఏదో ఒకదానికి మేకు దిగితే తప్ప నేనున్నానని మనుషులకి గుర్తురాదు. మా కారుకి పదకొండేళ్ళలో ఒక్క మేకూ దిగలేదు. అది సంతోషించాల్సిన సంగతేనని నాకూ తెలుసు. కానీ మీ దగ్గర దాపరికం దేనికి, దారిలో ఒక్క మేకైనా తగలకపోతుందా అని లోలోపల ఆశపడని రోజు లేదు.

నేను పుట్టింది ఫ్యాక్టరీ అచ్చులో. నల్లటి ముద్దగా లోపలికెళ్ళి, ఆవిరికి ఉడికి, ఒంటినిండా రోడ్డుని పట్టుకునే గాళ్ళు పడి, పక్కన అంకెలు అచ్చేయించుకుని బయటపడ్డాను. ఆ అంకెల్లో నా కొలత ఉంటుంది, నేను మోయగల బరువుంటుంది, చివర చిన్న నాలుగంకెల్లో ఏ ఏడాది ఏ వారం పుట్టానో ఉంటుంది. మనుషులు జాతకం కాగితం మీద రాయించి బీరువాలో దాచుకుంటారు. మాది ఒంటి మీదే ఉంటుంది గానీ చదివేవాళ్ళుండరు.

నన్నూ నా నలుగురు తోబుట్టువుల్నీ ఒక బుల్లి స్పోర్ట్స్ కారుకి తొడిగారు. రెండే సీట్లు, ఫైబర్ ఒళ్ళు, ఆకుపచ్చ రంగు. ఆరువందల కేజీలైనా తూగదు. దాన్ని తయారుచేసిన చిన్న కంపెనీ నలభై కార్లు చేసి మూతపడింది. ఆ నలభైలో ఒకటి విజయవాడ ఆటోనగర్‌లో లేత్ షెడ్డు నడిపే హైమవతి గారి చేతికొచ్చింది. చుట్టూ పది టన్నుల లారీల మధ్య అది నిలబడితే ఆటోనగర్ అంతా విరగబడి నవ్వింది. మిడత అని పేరుపెట్టింది. హైమవతి గారు ఏమాత్రం నొచ్చుకోకుండా అదే పేరు వెనక తెల్లరంగుతో రాయించారు. డిక్కీ మూత సరిగా పడక రెండువేళ్ళ సందు ఉండేది. నా లోకజ్ఞానమంతా ఆ సందులోంచి వచ్చిందే.

హైమవతి గారికి యాభై రెండేళ్ళు. ఆవిడకి ఒకటే పిచ్చి. ఏటా నల్లకొండ ఘాటురోడ్డు మీద మోటారు క్లబ్బు వాళ్ళు కొండెక్కే పోటీ పెడతారు. నాలుగు కిలోమీటర్లు, పదకొండు మలుపులు. దాన్ని నాలుగు నిమిషాల లోపు ఎక్కాలని ఆవిడ కోరిక. పోయినేడు ఆరు సెకన్లు ఎక్కువైంది. ఈ ఏడాది పోటీ అయిపోగానే రోడ్డు వెడల్పు చేస్తారట, మలుపులన్నీ కోసేస్తారట. అంటే ఇక ఒక్క అవకాశమే మిగిలింది. నా నలుగురు తోబుట్టువులు చూస్తేనేమో బోడిగుండ్లయిపోయారు. నేను మాత్రం గాళ్ళు చెరగకుండా నిగనిగలాడుతున్నాను. ఇన్నాళ్ళకి నా వంతు వచ్చిందని మురిసిపోయాను.

అప్పుడే హైమవతి గారి అన్నయ్య వీరభద్రం గారు రంగంలోకి దిగారు. వాళ్ళ నాన్న నాటి నుంచీ ఆయనది టైర్ల కొట్టు. నలభై ఏళ్ళుగా లారీలకి టైర్లు అమ్ముతున్నారు. మనిషి కూడా లారీలాగే ఉంటారు, నూటపది కేజీలు. చెల్లెలి పుట్టినరోజుకి ఏటా చీర తెచ్చే ఆయన ఈసారి నాలుగు కొత్త టైర్లు తెచ్చారు. ఒక్కోదానికీ పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టి మరీ తెచ్చారు.

"చూడు హైమా, ఎంత వెడల్పో! లక్ష కిలోమీటర్లు తిరిగినా గోరంత అరగవు. చిన్నప్పుడు నాన్న కొట్టులో పాత టైరు దొర్లించుకోడానికి కొట్టుకునేవాళ్ళం కదా, ఇదిగో, ఒకేసారి నాలుగు కొత్తవి."

ఆటోనగర్‌లో టైరుకి అంతకుమించిన పొగడ్త లేదు. అరగనిదే మంచి టైరు. హైమవతి గారు వాటిని వేలితో నొక్కి చూశారు, ముఖంలో ఏదో మెదిలింది. కానీ పుట్టింటివాళ్ళు బొట్టుపెట్టి ఇచ్చినదాన్ని వద్దనడం ఎలా? "బావున్నాయి అన్నయ్యా" అన్నారు. నాకు ఏడుపొచ్చింది.

కొట్టులో టైర్లు తొడిగే మస్తాన్ వలీ ఉన్నాడు. అరవై దాటిన మనిషి, మాటకంటే చూపు ఎక్కువ. పాతవాటిని ఊడదీసి తుక్కు లారీకి ఎక్కించేశాడు. నా నలుగురూ అలా వెళ్ళిపోయారు. కొత్తవాటికి షావుకారు చెప్పినట్టే లారీ అలవాటున గాలి గట్టిగా బిగించి, ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. ఒకటి నలిగింది. రెండోది చక్రం కిందినుంచి చటుక్కున జారి వీరభద్రం గారి కాలికి తగిలింది. ఆయన నవ్వేశారు. మస్తాన్ నవ్వలేదు.

మర్నాడు పొద్దున వాన పడి వెలిసింది. షెడ్ల వెనక ఖాళీ స్థలంలో హైమవతి గారు మిడతని తిప్పి చూశారు. ఒక్క మలుపు తిరిగేసరికి కారు వెనకభాగం ముందుకి రావడానికి తొందరపడింది. డిక్కీలో నేను ఈ గోడకీ ఆ గోడకీ కొట్టుకున్నాను. ఆవిడ దిగి టైర్లని మళ్ళీ వేలితో నొక్కి చూశారు. పోటీ ఆదివారం, ఆ రోజు బుధవారం.

"షావుకారు గారితో చెప్పండమ్మగారూ" అన్నాడు మస్తాన్.

"ఎట్లా చెప్పను మస్తానూ? ముచ్చటపడి తెచ్చాడు. బాధపడతాడు."

"మీరు చెప్పొద్దులెండి. కారే చెబుతది."

మస్తాన్ వెళ్ళి వీరభద్రం గారిని పిలుచుకొచ్చాడు. ఆయన మిడతలో కూర్చోవడమే ఒక పెద్ద తతంగం. ఒక కాలు పెట్టి, ఊపిరి బిగించి, రెండో కాలు లాక్కుని, చివరికి పడ్డారు. కారు ఒకపక్కకి ఒరిగింది. హైమవతి గారు అదే మలుపు అదే వేగంతో తిరిగారు. చిత్రం చూడండి, కారు ఇంచు కూడా జారలేదు! రోడ్డుకి అతుక్కున్నట్టు తిరిగింది.

"భేష్! ఇంకేం, రాయిలాగుంది. నేను తెచ్చిన టైర్లంటే ఏమనుకున్నావు?" వీరభద్రం గారి గొంతు ఖంగుమంది.

హైమవతి గారి ముఖం పాలిపోయింది. మస్తాన్ మాత్రం చేతులు కట్టుకుని, "ఇప్పుడు మీరు దిగి, బయట నిలబడి చూడండి షావుకారు గారూ" అన్నాడు.

ఆయన దిగారు. కారు తిరిగింది. అదే మలుపు, అదే వేగం. మిడత గిర్రున రెండు చుట్లు తిరిగి తుమ్మపొదలో ముక్కుపెట్టి ఆగింది. వీరభద్రం గారు పంచె పైకెత్తి పరిగెత్తారు. చెల్లెలికి ఏమీ కాలేదని చూసుకున్నాక ఆయాసం తీర్చుకుంటూ టైర్ల వైపు చూశారు.

"అంటే... నేను కూర్చుంటేనే నిలబడుతుందన్నమాట ఈ కారు."

"అంతేనయ్యా. లారీ టైరుని సరుకు నొక్కి పెడతది. ఈ కారుకి బరువెక్కడుంది? గట్టి రబ్బరు దీని మాట వినదు. మెత్తటి రబ్బరు కావాల, సన్నగా ఉండాల, గాలి తక్కువ కొట్టాల" అన్నాడు మస్తాన్.

"మరి నువ్వు ముందే చెప్పలేదేం హైమా?"

"బొట్టు పెట్టి తెచ్చావు కదా అన్నయ్యా."

ఆయన చెల్లెలి నెత్తిన చిన్నగా ఒక మొట్టికాయ వేశారంతే. యాభై రెండేళ్ళ మనిషికి!

సరే, ఏ కొలత కొనాలి? పాత టైర్లు తుక్కులో కలిశాయి, కంపెనీ మూతపడింది. అప్పుడు గుర్తొచ్చానండీ నేను. డిక్కీ తెరిచి నన్ను వెలుగులోకి తీశారు. మస్తాన్ నా ఒంటి మీది అంకెల్ని తడిగుడ్డతో తుడిచి పైకి చదివాడు. ఎవరైనా నా జాతకం చదవడం అదే మొదలు. నా గాళ్ళు చూసి హైమవతి గారి కళ్ళు మెరిశాయి. "ఇది కొత్తదానిలాగే ఉందే, వెనక వేసుకుందామా?" నా గుండె ఝల్లుమంది.

మస్తాన్ చివరి నాలుగంకెల దగ్గర ఆగాడు. బొటనవేలి గోరు నాలో గుచ్చి చూశాడు. గోరు దిగలేదు.

"పదకొండేళ్ళమ్మగారూ. మొహం కొత్తదే, ఒళ్ళు ముసలిది. ఎండిపోయింది."

ఒక్క రోజు కూడా తిరక్కుండానే ముసలివాణ్ణయ్యానని అలా తెలిసింది. చాలా బాధేసింది. తిరిగి అరిగినవాళ్ళకి కనీసం చెప్పుకోవడానికి ఊళ్ళుంటాయి.

మిగతా కథంతా వీరభద్రం గారిదే. తన కొట్టులో అలాంటివి లేవు. నలభై ఏళ్ళుగా మెట్టెక్కని ఎదురు కొట్టుకి వెళ్ళి, "మీ దగ్గర తొందరగా అరిగిపోయే టైర్లున్నాయా?" అని అడిగారట. ఆ కొట్టాయన మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టాడట. నా కొలతవే నాలుగు దొరికాయి. ఒక్కోటీ చేత్తో ఎత్తి చూసి, గోరుతో గుచ్చి చూసి తెచ్చారు. ఈసారి కూడా బొట్టు పెట్టారు. గాలి మాత్రం మస్తాన్ చెప్పినంతే. ఈసారి నాలుగు చక్రాల కిందా పెట్టిన నిమ్మకాయలు నాలుగూ బుద్ధిగా నలిగాయి.

పోటీకి వచ్చేవాళ్ళు తలా ఒక పాత టైరు తేవాలని క్లబ్బు నియమం. మలుపుల దగ్గర గోడలా పేర్చడానికి. హైమవతి గారు నన్ను ఇచ్చారు. ఇస్తూ నా మీద చెయ్యి వేసి, "ఇన్నేళ్ళు నేను మోశాను నిన్ను. ఇవాళ నువ్వు చూసుకో" అన్నారు. ఐదో మలుపు దగ్గర, లోయ వైపు నన్ను పేర్చారు. రోడ్డు ఎదురుగా ఉంది, జానెడు దూరంలో. తాకే వీలు మాత్రం లేదు.

మిడత శబ్దం కింద నాలుగో మలుపు దగ్గరే గుర్తుపట్టాను. జీవితమంతా నన్ను వాడాలని కోరుకున్నవాణ్ణి, ఆ క్షణంలో మాత్రం నన్ను ముట్టుకోవద్దు తల్లీ అని దణ్ణం పెట్టుకున్నాను. ఆకుపచ్చగా దూసుకొచ్చింది. కొత్త టైర్లు కుయ్యిమంటూ రోడ్డుని పట్టుకున్నాయి. నా మీద గుప్పెడు కంకర చిమ్మి, మలుపు తిరిగి వెళ్ళిపోయింది. కాసేపటికి కొండ పైనుంచి వీరభద్రం గారి కేక వినిపించింది. మూడు నిమిషాల యాభై ఎనిమిది!

మధ్యాహ్నానికి అందరూ సర్దుకున్నారు. గోడల టైర్ల కోసం తుక్కు లారీ కొండ కింద ఆగింది. నన్ను కూడా అందులో పడేస్తారనుకున్నాను. అన్నాచెల్లెళ్ళు నడుచుకుంటూ ఐదో మలుపు దాకా వచ్చారు. వీరభద్రం గారు నన్ను గోడలోంచి లాగి నిలబెట్టారు. పక్కన చెట్టు నుంచి ఒక కర్ర విరిచారు. చెల్లెలి వైపు చూశారు.

"ముందు నేను" అన్నారు హైమవతి గారు.

"చిన్నప్పుడూ ఇంతే. పెద్దవాణ్ణి నేను, ముందు నేనే."

కర్ర నా వీపున పడింది. రోడ్డు నా కిందికి వచ్చింది. వెచ్చగా, గరుగ్గా, నేను అనుకున్నదానికంటే ఎంతో బావుంది. నూటపది కేజీల మనిషి పంచె ఎగ్గట్టి నా వెనక పరిగెత్తారు. నాలుగో మలుపు దగ్గర ఆయాసంతో కూలబడితే చెల్లెలు కర్ర లాక్కున్నారు. నవ్వుకుంటూ, దెబ్బలాడుకుంటూ కింద దాకా తోసుకొచ్చారు. తుక్కు లారీని దాటించి మరీ తోసుకొచ్చారు.

ఇప్పుడు లేత్ షెడ్డు గుమ్మం పక్కన ఆనించి ఉన్నాను. ఆదివారాలు ఆ ఇద్దరికీ నామీద పోట్లాట తప్పదు. నేను తిరిగింది మొత్తం కలిపి ఇంకా మూడు కిలోమీటర్లు దాటలేదు. లక్ష కిలోమీటర్ల టైర్లు వింటే నవ్వుతాయేమో. నవ్వనీండి.